డ్యూక్–నార్త్ కరోలినా బాస్కెట్‌బాల్ వైరం

అమెరికాలో సుమారు 16 కిలోమీటర్ల ఎడంలో ఉన్న ఈ రెండు విశ్వవిద్యాలయాల జట్లు 1920 నుంచి తలపడుతున్నాయి. అభిమానుల వాదన ఎక్కువగా కోచ్‌ల చుట్టూనే తిరుగుతుంది. డ్యూక్‌కు మైక్ షషెవ్‌స్కీ (1980–2022) 5 జాతీయ టైటిళ్లు తెచ్చిపెట్టారు. నార్త్ కరోలినా కోచ్ డీన్ స్మిత్ (1961–97) గెలిచినవి రెండే. అయితే ఆయన గొప్పతనాన్ని టైటిళ్లతో కొలవడం అన్యాయం: 879 విజయాలు ఒక ఎత్తయితే, బంతిని బుట్టలో వేసిన ఆటగాడు పాస్ ఇచ్చిన సహచరుడి వైపు వేలు చూపాలని నేర్పడం మరో ఎత్తు. 2022 ఏప్రిల్ 2న న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన జాతీయ టోర్నీ సెమీఫైనల్లో నార్త్ కరోలినా డ్యూక్‌పై 81–77తో గెలిచింది. షషెవ్‌స్కీకి అదే ఆఖరి మ్యాచ్. మరుసటి సీజన్‌ను అసోసియేటెడ్ ప్రెస్ ర్యాంకుల్లో అగ్రస్థానంతో మొదలుపెట్టిన నార్త్ కరోలినాకు జాతీయ టోర్నీలో చోటే దక్కలేదు. ఆట మొదలుకాకముందే పాత్రికేయుల ఓట్లతో ఇచ్చే ర్యాంకులను తప్పుపట్టేవారికి ఇంతకంటే గట్టి ఉదాహరణ దొరకదు.