బొమ్మల పుస్తకం నుండి మెలట్టూరు రంగస్థలానికి



మీ ఇంట ప్రహ్లాదుని కథ గల బొమ్మల పుస్తకం ఒకటి ఉంటే దానిని పిల్లవాని చేతికి ఇచ్చి చూడండి. ఏనుగు, పాములు, కొండ మీద నుండి త్రోయబడుతున్న బాలుడు, చివరికి పగిలిన స్తంభం. రెండవ తరగతి బిడ్డ ఒక్క అక్షరమైనా చదువకుండా కథంతా చెప్పగలడు. అయితే ఏ భాషలో చెబుతున్నాడో కాస్త చెవియొగ్గి వినండి. మా కృష్ణగిరి జిల్లాలోని తెలుగు ఇండ్ల పిల్లలు "తూణు పగిలి సింగం వచ్చింది సార్" అంటారు. క్రియలు మనవి, పేర్లు తమిళానివి. బొమ్మ క్రింద తెలుగు వాక్యం చక్కగా అచ్చయి ఉంది. వానికి దానితో పని పడలేదు.

బొమ్మకు భాష లేదు. అది దాని గొప్పతనం. మనవంటి వారికి అదే చిక్కు. 1947 జూలైలో మద్రాసు నుండి 'చందమామ' తెలుగులోను, 'అంబులిమామ' అనే పేరుతో తమిళంలోను వెలువడింది. బొమ్మలు ఉభయులకూ ఒకటే. విక్రమార్కుని భుజాన బేతాళుని నిలిపి తరతరాల తెలుగు పిల్లలకు చూపిన చిత్రకారుడు శంకర్ తమిళుడు. ఆ సంగతి తెలియనందువల్ల ఏ పిల్లవానికీ లోటు కలుగలేదు.

రంగస్థలం అటువంటిది కాదు. అక్కడ ప్రహ్లాదుడు నోరు తెరవాలి. తెరిస్తే ఏదో ఒక భాషలోనే తెరవాలి. తమిళనాట, తంజావూరు సమీపాన, ఆ నోరు నేటికీ తెలుగులోనే తెరచుకునే గ్రామం మెలట్టూరు. మన పిల్లలను అక్కడికి తీసుకొనిపోవాలని నాకు కలిగిన కోరికకు మూలం ఇదే.

ముందుగా కొంత చరిత్ర. పుస్తకం ముందు, నాటకం తరువాత అని నేడు మనం అనుకుంటాము. ప్రహ్లాదుని విషయంలో ఈ వరుస తలక్రిందులు. పోతన భాగవత సప్తమ స్కంధం తరువాత ఈ కథ పసివారికి చేరినది పురాణ కాలక్షేపం వలన, ఆటపాటల వలన. 17వ శతాబ్దంలో తంజావూరిని ఏలిన రఘునాథ నాయకుడు, ఆయన కుమారుడు విజయరాఘవ నాయకుడు తెలుగు కవులకు ఆశ్రయమిచ్చారు, తామూ కవులయ్యారు. విజయరాఘవుడు స్వయంగా యక్షగానాలు రచించాడు. 1673లో నాయక రాజ్యం ముగిసింది. పిదప వచ్చిన వారు మహారాష్ట్రులు. రాజు మారాడు గనుక రంగస్థల భాష కూడా మారుతుందని ఎవరైనా తలుస్తారు. అట్లు జరుగలేదు. మరాఠీ ఇంటి భాషగా గల శహాజీ ప్రభువు (1684-1712) తెలుగులో నాటకాలు వ్రాశాడు. ఆ కాలపు తాళపత్రాలు అనేకం తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో నేటికీ ఉన్నాయి. వేసవిలో ఆ ప్రాంతానికి పోయేవారు తప్పక చూడవలసిన స్థలం.

మెలట్టూరు కథ ఈ రెండు రాజ్యాలకూ చెందినది. అచ్యుతప్ప నాయకుడు 510 కుటుంబాలకు దానమిచ్చిన అగ్రహారమని ఆ ఊరివారు చెబుతారు. అక్కడ పుట్టిన మెలట్టూరు వేంకటరామ శాస్త్రి త్యాగరాజ స్వామికి (1767-1847) సమకాలికుడు. ప్రహ్లాద చరిత్రము, ఉషా పరిణయము, మార్కండేయ చరిత్రము మొదలైన తెలుగు నాటకాలను భాగవత మేళం కొరకు రచించాడు. త్యాగరాజు కూడ తెలుగులో 'ప్రహ్లాద భక్తి విజయము' వ్రాశారన్నది మనలో చాలమందికి తెలుసు. కీర్తనలు పాడుతాము, నాటకం మాత్రం తెరచి చూడము. 1855లో తంజావూరు రాజ్యం అంతరించింది. రాజాదరణ పోయినా ఆట నిలిచింది. ఏటా నృసింహ జయంతి నాడు వరదరాజ పెరుమాళ్ కోవెల ముందు ప్రహ్లాద చరిత్రము ఆడుతారు. స్త్రీ పాత్రలు పురుషులవే. నరసింహుని ముఖాన్ని ఏడాదంతా దేవునిగా పూజిస్తారు; దానిని ధరించే వ్యక్తి ఉపవాసం ఉంటాడు.

తెలుగువారి మొదటి సంపూర్ణ టాకీ 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరి 6న విడుదలయింది. అదీ సురభి నాటక సమాజం ఆడుతున్న నాటకం నుండి వచ్చినదే. అచ్చులో రంగుల బొమ్మలతో పసివారి కొరకే ప్రహ్లాదుడు వెలువడటం ఈ వరుసలో చాల తరువాతి సంగతి.

2019 మే నెలలో, సెలవులలో, పదకొండుగురు పిల్లలతోను వారి తల్లులతోను ఒక వ్యాను మాట్లాడుకొని బయలుదేరాము. "రాత్రంతా మేలుకుంటారా సార్, చిన్న బిడ్డలు" అని ఒక తల్లి వెనుకాడింది. ఆమె మాట న్యాయమైనదే. బయలుదేరక ముందు వారం రోజులు బొమ్మల పుస్తకం ముందు పెట్టుకొని, ఏ బొమ్మ తరువాత ఏ బొమ్మో కంఠస్థమయ్యే వరకు చూపించాను. ఇది మీరు తప్పక చేయండి. నాటకంలోని తెలుగు గ్రాంథికం, పైగా రాగంలో సాగుతుంది. పిల్లవానికి మాట అర్థం కానప్పుడు బొమ్మ ఆసరా అవుతుంది. పగలు నిద్రపుచ్చి తీసుకొనిపోవడం కూడ మరువకండి, నేను మరచాను. నలుగురు మొదటి గంటలోనే తల్లుల ఒడిలో నిద్రపోయారు.

మేలుకున్నవారు మొదట గణపతి ముఖం ధరించి వచ్చిన చిన్న పిల్లవానిని చూసి తమ ఈడువాడే అని సంబరపడ్డారు. లీలావతి దుఃఖం వారికి దీర్ఘంగా తోచింది. ఇంకా ఏనుగు రాలేదేమని ఇద్దరు అడుగుతూనే ఉన్నారు, పుస్తకంలో అది నాలుగవ పుట గనుక. హిరణ్యకశిపుడు కొడుకును నిలదీసే చోట మాత్రం అందరూ కదలక కూర్చున్నారు. ఆ వాదం పుస్తకంలో ఒక్క బొమ్మ, ఒక్క వాక్యం. ఇక్కడ అది తండ్రీకొడుకుల మాటకు మాట. నరసింహుడు వచ్చేసరికి తెల్లవారుజాము. పట్టుకొనేందుకు చుట్టూ మనుషులు ఉన్నా, ఆ ముఖం చూసి ఒక పాప నా చొక్కా పట్టుకొని వదలలేదు. పసివారితో ముందు వరుసలో కూర్చొనకండి.

మరునాడు ఉదయం కాఫీ అంగడి వద్ద రాత్రి నటులలో ఒకరు మిత్రులతో తమిళంలో మాట్లాడుతూ కనిపించారు. మా మూడవ తరగతి పిల్లవాడు తెల్లబోయి అడిగాడు: "ఆయప్పకు తెలుగు రాదా సార్? రాత్రి అంత మాట్లాడె గదా."

నేను వెంటనే బదులు చెప్పలేకపోయాను. అక్కడి నటులలో పలువురి ఇంటి భాష తమిళం. తండ్రి వద్ద కొడుకు వల్లించి, ఈ తెలుగును తరాలుగా నిలుపుకున్నారు. అడిగిన పిల్లవాని ఇంటి భాష తెలుగు. 2006 నాటి తమిళ భాషా బోధన చట్టం వలన ఆ సంవత్సరం ఒకటవ తరగతితో మొదలై, ఏటా ఒక్కొక్క తరగతిగా 2015-16 నాటికి పదవ తరగతి వరకు తమిళం తప్పనిసరి అయింది. మన భాష ఐచ్ఛికమయింది. తమిళం నేర్వవద్దని నేను అనను. ఈ గడ్డ మీద బ్రతికేవానికి అది అవసరం. కాని ఐచ్ఛికమైన పాఠానికి గంటలు తగ్గుతాయి, పిదప ఉపాధ్యాయుడు తగ్గుతాడు. ఇది మీకు నేను చెప్పవలసిన పని లేదు. "వస్తుంది నాయనా, నేర్చుకున్నారు" అని మాత్రం చెప్పాను. "ఇస్కూల్లోనా?" అన్నాడు. "కాదు, వాళ్ళ నాయన దగ్గర" అన్నాను. ప్రక్కనే ఉన్న వాని తల్లి ఏమీ అనలేదు.

జూన్‌లో బడి తెరచిన తరువాత అదే బొమ్మల పుస్తకం మరల ఇచ్చాను. ఆ పిల్లవాడు చివరి పుట తెరచి, వ్రేలు పెట్టి, మెలట్టూరు నటుని వలె సాగదీసి "స్తంభము" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. వెనుక పుటకు త్రిప్పి ఏనుగును చూపి "ఇదేమిరా?" అన్నాను.

"యానై సార్" అన్నాడు.