వీధి చివరి యిల్లు ఎవరిది?

మా ఉట్రెక్ట్ నగరమున ప్రిన్స్ హెండ్రిక్ లాన్ వీధి తుదిని, ఎఱ్ఱని యిటుకయిండ్ల వరుసకు ఆనుకొనియు ఆ వరుసతో తనకేమియు చుట్టఱికము లేనట్లు, తెల్లని, బూడిదవన్నె పలకలతో నిలిచియున్న చిన్న మేడను 'రీట్‌ఫెల్డ్ ఇల్లు' అని చూపించి పోవువారే కాని, ఆ పేరిలో సగము జాఱిపోయినదని గమనించువారు అరుదు. 1924లో దీనిని కట్టించిన ట్రూస్ ష్రోడర్, ముందటేడు భర్తను కోల్పోయి ముగ్గురు బిడ్డలతో మిగిలిన యిల్లాలు. పూర్వరచయితలు పలువురు ఆమెను 'ఇల్లు కట్టించుకొన్న యజమానురాలు' అని ఒక్క మాటతో సాగనంపి, కీర్తినంతయు వడ్రంగి కొడుకైన వాస్తుశిల్పి గెరిట్ రీట్‌ఫెల్డునకే ధారపోసిరి. నేనొప్పుకొనను.

మేడమీది అంతస్తే నాకు సాక్షి. క్రింది గోడలు కదలవు. పైన మాత్రము జరుపుడు పలకలను లాగినచో పడకగదులు, త్రోసివేసినచో ఒక్కటే విశాలమగు సావడి. పై గోడలను సయితము తీసివేయవచ్చునా యని ఆమె అడిగినందుననే ఈ యేర్పాటు పుట్టెను. గోడలు లేని అట్టి అంతస్తును కట్టడపు నిబంధనలు ఒప్పవు గనుక, పురపాలకులకు సమర్పించిన పటములో దానిని 'అటక' యని వ్రాసిరి! మన యిండ్లలో ఖాళీ జాడీలు, పాత గంపలు పెట్టు చోటి పేరున ఒక సంసారమే సాగినదన్నమాట.

అంతయు కాంక్రీటే యనువారితోను నాకు పేచీ కలదు. పునాదులును బాల్కనీలును కాంక్రీటువే. గోడలు మాత్రము ప్రక్కయింటివలెనే ఇటుకవి, పైపూత వేఱు.

నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైన శాసనము గుమ్మముకడ నున్నది: వచ్చినవారు ముందు గంట కొట్టవలయును, పలుకు రానిచో గొట్టములో మాటాడవలయును. మేడమీద కాపురముండి క్రింది తలుపు చూచుకొనవలసిన గృహిణి అక్కఱ అందు తెలియుటలేదా?

ఎదుట ఎరాస్ముస్ లాన్‌లో 1930ల నాటి యిండ్లను సయితము ఆ యిరువురును కలిసియే రూపొందించిరి. తరువాత ఎత్తయిన రహదారి లేచి ఇంటి ముందటి చూపును మ్రింగగా, ఇక దీనిని కూల్చుటే మేలని రీట్‌ఫెల్డు తలచెను. 1964లో ఆయన పోయెను, ఇల్లు నిలిచెను. ఆమె 1985లో కన్నుమూయువఱకు అందే కాపురముండెను.

ప్రపంచ వారసత్వ పట్టికలో 2000వ సంవత్సరమునుండి దీనికి 'రీట్‌ఫెల్డ్ ష్రోడర్ గృహము' అనియే పేరు. మా వీధికి అతిథులను వెంటబెట్టుకొని వచ్చువారు ఆ రెండవ పేరును సయితము నోరార పలుకవలయునని నా మనవి.