జేబులో పట్టే లెక్కల పుస్తకం

చేబదులు ఎవరికిచ్చాం, కౌలు ఎంత రావాలి, పెళ్లిలో ఎవరు ఎంత చదివించారు – ఇవన్నీ రాసి పెట్టుకోవడం మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వారికి కొత్తగాదు. అయితే అప్పుల ఖాతా పుస్తకం షావుకారు గల్లాపెట్టెలోనే ఉండేది. అప్పు తీసుకున్నవాని చేతిలో చిన్న చీటీ కూడా ఉండేది గాదు. చేతి కంప్యూటర్ల చరిత్ర చదివేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి.

1984లో బ్రిటన్‌లోని సయాన్ కంపెనీ 'ఆర్గనైజర్' అనే చేతి యంత్రాన్ని తెచ్చింది. పేర్లు, అడ్రసులు, లెక్కలు దాచుకోవడం దాని ముఖ్యమైన పని. 1993లో అమెరికాలో ఆపిల్ వారి 'న్యూటన్' వచ్చింది. తెరమీద కలంతో రాస్తే చదువుతుందన్నారు గాని, రాత సరిగా పోల్చుకోలేక నవ్వులపాలైంది. 1996లో వచ్చిన 'పామ్ పైలట్' మాత్రం బాగా అమ్ముడుపోయింది. దాన్ని రూపొందించిన జెఫ్ హాకిన్స్ ముందుగా ఒక చెక్కముక్కను జేబులో వేసుకుని తిరిగి, సైజు ఎంతుండాలో తేల్చుకున్నాడు.

మన ఇళ్లకు వచ్చింది 'డిజిటల్ డైరీ'. గల్ఫ్ నుంచి సెలవుమీద వచ్చిన చుట్టాలు మా ఇంటికీ ఒకటి తెచ్చారు. నెంబర్లన్నీ అందులో ఎక్కించి పాత పుస్తకం పారేశాం. ఒకరోజు బిళ్ల బ్యాటరీ అయిపోయింది, నెంబర్లన్నీ పోయాయి. దుబాయిలోని చాచా తానే ఫోన్ చేసేదాకా ఎదురు చూడవలసి వచ్చింది.

పేదవాని లెక్క పేదవాని దగ్గరే ఉండాలన్న ఆలోచన మనకు దగ్గరలోనే, ఎర్రవల్లి చౌరస్తా నుంచి కర్నూలు మీదుగా పోయే రోడ్డు చేరే బెంగుళూరులో, రూపు దిద్దుకుంది. అక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ప్రొఫెసర్లు, ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్ వారు కలిసి 2001లో 'సింప్యూటర్' నమూనా చూపించారు. ఊరంతటికీ ఒక యంత్రం, మనిషికొక స్మార్ట్ కార్డు. ఎవరి వివరాలు వారి కార్డులోనే ఉంటాయి. అక్షరం రానివారికి యంత్రమే చదివి వినిపిస్తుంది. 2004లో 'అమిడా' పేరుతో సుమారు 10 వేల రూపాయల ధరకు బజారుకు వచ్చింది. అంత డబ్బు పెట్టేవారు తక్కువ. ఇంతలో సెల్‌ఫోన్లు చవకై, డైరీ, లెక్కల మిషన్, కెమెరా అన్నీ వాటిలోనే చేరిపోయాయి. ఆర్టీసీ కండక్టరు టికెట్ మిషన్, కరెంటు బిల్లు కొట్టే మిషన్ కూడా ఈ చేతి యంత్రాల కోవలోవే.

నేడు మన లెక్క మన జేబులోనే ఉంది. కాని దానికి తాళం వేసి, ఆ తాళం సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పడం లేదు. ఇంటిపెద్ద హఠాత్తుగా కన్నుమూస్తే, ఎవరు బాకీయో, ఎవరికి బాకీయో భార్యాబిడ్డలకు తెలియదు. నాడు షావుకారు పెట్టె ముందు నిలబడ్డట్టే, నేడు మూగబోయిన ఫోన్ ముందు నిలబడాలి.

కాబట్టి సభ్యులకు ఒక మనవి. ముఖ్యమైన నెంబర్లు, ఇచ్చిపుచ్చుకున్న బాకీలు కాగితంమీద కూడా రాయండి. ఆ కాగితం ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికైనా చెప్పి ఉంచండి.