సంగటి వెనక్కి తగ్గింది, బెల్లం తెల్లబడింది

ఐరాల మండలం అనగానే బయటివాళ్ళకు గుర్తొచ్చేది కాణిపాకం వినాయకుడు. ఇక్కడి రైతును అడిగితే చెరకు, చెనక్కాయ, మామిడి అంటాడు. మూడూ అమ్ముకునే పంటలే. తాతల నాడు చెరువు కింద వరి, మెట్టన రాగి, సజ్జ, కొర్ర, సామ. అవి ముందు ఇంటికి, మిగిలితే సంతకు. ఈ వరస తిరగబడిన తీరే మన పళ్ళెం మారిన కథ.

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం ఉత్తర ఆర్కాటులో ఉండేది. పంతొమ్మిదో శతాబ్దం చివరికే ఆర్కాటు జిల్లాల చెనక్కాయ పుదుచ్చేరి రేవు మీదుగా ఫ్రాన్సులోని మార్సెయ్‌కు ఓడలెక్కుతోంది. అక్కడ నూనె తీసేవారు, సబ్బులు చేసేవారు. చేలో ఏం విత్తాలో ఇంట్లో గంపలు చూసి కాక, ఎక్కడో ఉన్న ఫ్యాక్టరీ అవసరం చూసి తేల్చుకోవడం అప్పుడే మొదలైంది. అయినా చెనక్కాయ చేలో నడుమ నడుమ కంది, అనప, అలసంద సాళ్ళు వేసేవారు. పంట సంతకు పోయినా ఇంట్లో పప్పుకూ, చలికాలంలో పితికిపప్పు పులుసుకూ లోటు రాలేదు. ఒక్క పంటే వేసి, కలుపుమందు కొట్టే పద్ధతి వచ్చాక ఆ సాళ్ళు పలచబడ్డాయి.

ఎరువు మారితే గింజలో సత్తువ మారుతుందా? ఈ ప్రశ్నకూ నూరేళ్ళు దాటాయి. చిత్తూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1909లోనే కోయంబత్తూరులో ఒక మడికి పశువుల ఎరువు, పక్క మడికి రసాయన ఎరువు ఏటా వేసి చూసే ప్రయోగం మొదలైంది. కూనూరులో పోషకాహార పరిశోధన చేస్తున్న రాబర్ట్ మెక్‌కారిసన్, కోయంబత్తూరు వ్యవసాయ రసాయన శాస్త్రవేత్త బి. విశ్వనాథ్ కలిసి 1926లో ఒక పత్రం ప్రకటించారు. పశువుల ఎరువుతో పండిన చిరుధాన్యానికే పోషణ బలం ఎక్కువని అందులో తేల్చారు. ఆ కూనూరు ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే.

తర్వాతి పరిశోధనలు ఒక్క మాట మీద లేవు. 2009లో బ్రిటన్‌లో జరిగిన సమీక్ష పోషకాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదంది. 343 అధ్యయనాలను కలిపి చూసిన 2014 నాటి సమీక్ష మాత్రం సేంద్రియ పంటల్లో యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువ, కాడ్మియం, పురుగుమందుల అవశేషాలు తక్కువ అని చెప్పింది. ఆ వాదన అలా ఉండగానే పళ్ళెంలో గింజే మారిపోయింది. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో అది పది మిల్లీగ్రాముల చుట్టుపక్కలే. ఇంత తేడా ఏ ఎరువూ తేలేదు.

1960లలో వచ్చిన ఐఆర్8 వంటి పొట్టి వరి రకాలు, యూరియా, కాలువ నీళ్ళు కలిసి డెల్టాల్లో బియ్యం రాశులు పోశాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ బియ్యాన్ని కిలో రెండు రూపాయలకు ఇంటింటికీ చేర్చింది. కరువు సీమలో పేదింటి పొయ్యి వెలిగించిన పథకమది, ఆ మేలు మరవకూడదు. కానీ రాగులను కొనే సర్కారు మాత్రం లేకపోయింది. రోజూ తినే రాగి సంగటి ఆదివారం నాటుకోడి పులుసుతో వండుకునే ప్రత్యేక వంటకమైంది. 1990లలో దిగుమతులకు తలుపులు తెరిచాక, చెనక్కాయ పండించే ఇంట్లోకీ పామాయిల్ ప్యాకెట్ వచ్చింది.

రంగు కోసం

ఈ వైపు బెల్లం వండేచోట కాసేపు నిలబడితే కొనేవాడి పెత్తనం కళ్ళారా కనబడుతుంది. గానుగాడిన రసాన్ని వెడల్పాటి పెనంలో పోసి, ఎండిన చెరకు పిప్పితోనే మంట పెడతారు. కాగేకొద్దీ మడ్డి పైకి తేలుతుంది. దాన్ని దేవేయడానికి సున్నం వేస్తారు, బెండ కాడల జిగురు పోయడం పాత పద్ధతి. అంతవరకే చేస్తే దిగేది ముదురు రంగు బెల్లం. పాకంలో హైడ్రోస్ పొడి వేస్తే మాత్రం రంగు తేలిపోయి పసుపుపచ్చగా మెరుస్తుంది. ఈ హైడ్రోస్ అసలు పేరు సోడియం హైడ్రోసల్ఫైట్, గంధకం కలిసిన రసాయనం. దాంతో బెల్లంలో మిగిలే సల్ఫర్ డయాక్సైడ్ కిలోకు 70 మిల్లీగ్రాములు దాటకూడదని ఆహార భద్రతా నిబంధన. ఆ పొడితో తీపి పెరగదు, పోషణ పెరగదు. పైగా నిల్వ ఉంటే బెల్లం మళ్ళీ నల్లబడుతుంది. అయినా మండీలో రంగున్న దిమ్మెకే మంచి ధర. నల్లబెల్లం మీదేమో సారా కాపుకు పోతుందన్న అనుమానం, ఎక్సైజ్ వాళ్ళ నిఘా.

ఆ నల్లబెల్లమే ఇప్పుడు పొలానికి మందయింది. ఎకరాకు జీవామృతం కలపాలంటే 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల ఆవుపేడ, ఆవు మూత్రం, రెండేసి కిలోల పప్పుపిండి, బెల్లం, గుప్పెడు గట్టు మట్టి కావాలి. రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ నడిపించే ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఊరూరా నేర్పుతున్న పాఠమిది. 2024లో ఆ కార్యక్రమానికి పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ బహుమతిలో వాటా దక్కింది. వానలకు ముందే రకరకాల విత్తనాలు కలిపి చల్లమనీ చెబుతున్నారు. చెనక్కాయ చేలోంచి పోయిన అనప, అలసంద తిరిగి రావడానికి ఇదొక దారి.

రైతు తన పద్ధతి మార్చుకోగలడు, పంటను అడిగేవాడుంటే. 2023 మార్చిలో సర్కారు బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ పోయడం మొదలైంది. అందులో పడేది రాగిపిండి, బెల్లం. రెండూ ఐరాల నేలకు కొత్త కావు. మండలంలో పండిన రాగుల్నీ, హైడ్రోస్ వేయకుండా ఇక్కడే వండిన బెల్లాన్నీ ఆ బడులకే ఏటా ఇంత అని ముందుగా ధర కట్టి కొంటే, రైతుకు వేరే ఉపదేశాలు అక్కర్లేదు. రెండు రూపాయల బియ్యం సీమ తిండిని మార్చింది కూడా ఉపన్యాసాలతో కాదు, కొనుగోలుతోనే.