హుస్సేన్‌సాగర్: రాంగోపాల్‌పేట్ ఒడ్డు, బుద్ధుడి దీవి – విహార చరిత్ర

హైదరాబాద్, సికింద్రాబాద్ నగరాల నడుమ ఉన్న హుస్సేన్‌సాగర్ చెరువులోను, చెరువు మధ్యనున్న జిబ్రాల్టర్ రాక్ అనే బండదీవి మీద, చుట్టూ ఉన్న కట్టపైన, తోటల్లోను సాగుతూ వచ్చిన తెరచాప పడవల పోటీలు, బోటు షికార్లు, నడక, సైకిలు సవారీల చరిత్ర ఇది. సికింద్రాబాద్ పేటల్లో ఈ నీటికి బాగా దగ్గరగా ఉన్నవాటిలో రాంగోపాల్‌పేట్ ఒకటి. నల్లగుట్ట, రాణీగంజ్, మినిస్టర్ రోడ్డు వాసులకు సాయంత్రపు షికారంటే చెరువు దాకా వెళ్లి రావడమే.

పేటకు ఆ పేరు దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ వల్ల వచ్చింది. 1897లో ప్రారంభమైన సికింద్రాబాద్ క్లాక్ టవర్‌కు గడియారం ఇచ్చినది ఆయనే. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరి డీబీఆర్ మిల్లు పేరులోని మూడక్షరాలూ ఆయనవే. జేమ్స్ స్ట్రీట్‌లోని పాత పోలీస్ ఠాణాకు కూడా రాంగోపాల్‌పేట్ ఠాణా అనే పేరుంది.

సాగునీటి చెరువు

కుతుబ్‌షాహీ సుల్తాను ఇబ్రహీం కులీ కాలంలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో ఈ చెరువు కట్టారు. మూసీ నుంచి బల్కాపూర్ కాలువ ద్వారా నీళ్లు తెచ్చి నింపేవారు. సుల్తాను దీనికి తన పేరు పెట్టుకోవాలనుకున్నాడట. జనం మాత్రం కట్టించినవాడి పేరుతోనే పిలిచారు. అప్పుడాయన ఇబ్రహీంపట్నంలో మరో చెరువు తవ్వించుకున్నాడని ఒక కథ. కథ నిజమైనా కాకపోయినా చెరువులు మాత్రం రెండూ ఉన్నాయి.

1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో చేసుకున్న ఒప్పందం ఫలితంగా చెరువుకు ఉత్తరాన కంపెనీ సైన్యం మకాం వేసింది. 1806లో ఆ ఊరికి సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. రెండు ఊళ్లనూ కలిపే దారి ట్యాంక్‌బండ్ అనే ఈ చెరువుకట్టే. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు వచ్చిన నిజాం రైలు కూడా చెరువు ఉత్తరపు ఒడ్డు పక్కనుంచే సాగింది. రాంగోపాల్‌పేట్ పక్కనే ఉన్న జేమ్స్ స్ట్రీట్ స్టేషనులో 2003 నుంచి ఎంఎంటీఎస్ రైళ్లు ఆగుతున్నాయి. దాని తరువాతి స్టేషను సంజీవయ్య పార్కు. కారు తీయకుండా, పార్కింగ్ వెతుక్కోకుండా చెరువొడ్డుకు చేర్చే ఈ దారిని వాడుకునేవారు మాత్రం తక్కువే.

హైదరాబాద్‌కు 1930 దాకా హుస్సేన్‌సాగర్ నుంచి తాగునీరు అందేది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. 1920లో దక్షిణపు ఒడ్డున ఏర్పడిన థర్మల్ విద్యుత్ కేంద్రం కూడా ఈ నీటి మీదే నడిచింది. ఇప్పుడు దాని ఆనవాలు కూడా లేదు. చెరువు చుట్టూ పార్కులు, బోటు టికెట్లు, విగ్రహాలు వచ్చినవన్నీ జనం ఈ నీళ్లు తాగడం మానేశాకే అన్నది గమనించాల్సిన సంగతి. తాగడానికి పనికొచ్చినన్నాళ్లూ దాన్ని చూడటానికి ఎవరూ టికెట్టు అమ్మలేదు.

తెరచాపలు

విహారమంతా ఆ తరువాతే వచ్చిందనడానికి ఒక మినహాయింపు సైనికులు, క్లబ్బుల వాళ్లు. 1878లో ఏర్పడిన సికింద్రాబాద్ క్లబ్బుకు చెరువొడ్డున సెయిలింగ్ కోసమే ప్రత్యేకంగా ఒక స్థలం ఉంది. సికింద్రాబాద్‌లోని సైనిక ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల విభాగం ఈఎంఈ తన సెయిలింగ్ అసోసియేషన్‌ను ఇక్కడే నడుపుతోంది. ఏటా జరిగే హైదరాబాద్ సెయిలింగ్ వీక్ వెనుక ఉన్నదీ అదే. అందులో ప్రధానంగా లేజర్ తరగతి పడవలు పోటీపడతాయి. ఒక్కరే కూర్చుని ఒక్క తెరచాపతో నడిపే పడవ అది. 2019 నుంచి దాన్ని అంతర్జాతీయంగా ఐఎల్‌సీఏ అంటున్నారు.

పోటీలు ఎక్కువగా వానాకాలంలో పెట్టడానికి కారణముంది. నైరుతి గాలులు నిలకడగా వీస్తాయి, చెరువు నిండుగా ఉంటుంది. అయినా చుట్టూ లేచిన భవనాల వల్ల గాలి ఒక్కోసారి తెగి, ఒక్కోసారి దిక్కు మార్చుకుని వస్తుంది. సముద్రంలో అలవాటుపడి వచ్చిన క్రీడాకారులకు ఇక్కడ తికమకే. ఈ మారే గాలిని ముందే పసిగట్టగలవాడే ఇక్కడ గెలుస్తాడు.

2009లో సుహేం షేక్ స్థాపించిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఈ ఆటను క్లబ్బుల గోడలు దాటించింది. సంజీవయ్య పార్కు పక్క ఒడ్డున అది పేదింటి పిల్లలకు పడవ నడపడం నేర్పుతోంది. ఏటా జూలైలో మాన్‌సూన్ రెగట్టా జరుపుతోంది. పిల్లలు మొదట ఎక్కేది ఆప్టిమిస్ట్ అనే పడవ. రెండుమీటర్ల పైచిలుకు పొడవుతో, పిండి కలిపే తొట్టిలా మొద్దుగా కనిపించే దీన్ని 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ రూపొందించాడు. చవకగా చెక్కతో కట్టుకునేలా గీసిన ఆ పడవ ప్రపంచమంతటా పిల్లల బడి అయింది. డబ్బున్న వాళ్ల ఆటగా పేరుపడ్డ సెయిలింగ్‌ను సర్కారు బళ్ల పిల్లలకు చేర్చడం ఈ చెరువు చరిత్రలో పెద్ద మలుపే. ఇవి చమురు తాగని, చప్పుడు చేయని పడవలన్న మాట కూడా చెప్పుకోవాలి.

బుద్ధుడు వచ్చిన దారి

చెరువు మధ్యలోని జిబ్రాల్టర్ రాక్ మీద అంతకుముందు ఏమీ లేదు. 1985లో ముఖ్యమంత్రి ఎన్.టి.రామారావు అక్కడ బుద్ధ విగ్రహం నిలపాలని సంకల్పించారు. న్యూయార్క్‌లో లిబర్టీ విగ్రహాన్ని చూశాక ఆయనకు ఆ ఆలోచన కలిగిందంటారు. భువనగిరి దగ్గరి రాయగిరిలో తెల్ల గ్రానైట్ ఏకశిలను గుర్తించారు. గణపతి స్థపతి ఆధ్వర్యంలో శిల్పులు దాన్ని చెక్కారు. ఎత్తు 58 అడుగులు, బరువు దాదాపు 350 టన్నులు. రాయగిరి నుంచి చెరువొడ్డు దాకా ఆ బరువును రోడ్డు మీద తీసుకురావడమే ఒక పెద్ద పని.

ఒడ్డు నుంచి దీవికి దాటించేదాకా విఘ్నం రాలేదు. 1990 మార్చి 10న విగ్రహాన్ని మోస్తున్న బల్లకట్టు ఒరిగి, బుద్ధుడు నీట మునిగాడు. చనిపోయిన పనివాళ్లు ఎనిమిది మందని కొందరు, పది మందని కొందరు రాశారు. అప్పటికి రామారావు అధికారంలో లేరు. రెండున్నరేళ్లకు పైగా విగ్రహం చెరువు అడుగునే ఉండిపోయింది. పైకి తీసి, 1992 డిసెంబరు 1న దీవిమీద నిలబెట్టారు. 2006లో దలైలామా వచ్చి ప్రతిష్ఠా పూజ చేశారు. విచిత్రంగా, 2011లో అదే మార్చి 10న, ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన మిలియన్ మార్చ్ రోజున, ట్యాంక్‌బండ్ మీది తెలుగు ప్రముఖుల విగ్రహాల్లో కొన్ని చెరువు పాలయ్యాయి. అవి కూడా రామారావు హయాంలో పెట్టినవే.

విగ్రహం వచ్చాకే దీవికి జనం వెళ్లసాగారు. వంతెన లేదు. లుంబినీ పార్కు నుంచి ఇంజను బోటులో వెళ్లాలి, చూసి అదే బోటులో తిరిగి రావాలి. చెట్టు నీడ కూడా పెద్దగా లేని రాతి దిమ్మె కావడంతో అక్కడ ఎక్కువసేపు ఉండాలని ఎవరికీ అనిపించదు. ఒక రకంగా అదే దీవిని కాపాడింది.

ఒడ్డు చుట్టూ

1946లో నిజాం ప్రధానిగా వచ్చిన సర్ మీర్జా ఇస్మాయిల్ ఇరుకుగా ఉన్న కట్టను వెడల్పు చేయించారు. ఆంధ్రప్రదేశ్ రెండో ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య పేరిట ఉత్తరాన 90 ఎకరాలకు పైబడిన పార్కు వెలిసింది. రాంగోపాల్‌పేట్ వాళ్లకు దగ్గరి పచ్చదనం అదే. 2016 జూన్ 2న 291 అడుగుల స్తంభం మీద అక్కడ జాతీయ జెండా ఎగరేశారు. పడమటి ఒడ్డున నెక్లెస్ రోడ్డు వచ్చింది. 2021లో దానికి పి.వి.నరసింహారావు పేరు పెట్టినా జనం నోట పాత పేరే ఉంది. అక్కడి పీపుల్స్ ప్లాజా నుంచే హైదరాబాద్ మారథాన్ మొదలవుతుంది.

2021 ఆగస్టు 29న మొదలైన సండే ఫండే కొంత మార్పు తెచ్చింది. ఆదివారం సాయంత్రం 5 నుంచి 10 దాకా ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపేసి కట్టను నడిచేవాళ్లకు వదిలేశారు. 2023 ఫిబ్రవరి 11న ఇదే చెరువొడ్డున ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పందెం జరిగింది. కాలుష్యం లేని ప్రయాణానికి ప్రచారమని చెప్పిన ఆ పందెం కోసం ఊరి వాహనాలు రోజుల తరబడి చుట్టుదారుల్లో తిరిగాయి.

నీటి సంగతి

విహారాన్ని అడుగడుగునా అడ్డగిస్తున్నది నీరే. చెరువులోకి వచ్చే కూకట్‌పల్లి, పికెట్, బల్కాపూర్, బంజారా నాలాలు నాలుగూ మురుగు మోసుకొచ్చేవే. కూకట్‌పల్లి నాలాలో జీడిమెట్ల, బాలానగర్ ఫ్యాక్టరీల వ్యర్థాలు కూడా కలిశాయి. ఒకప్పుడు మూసీ మంచినీళ్లు తెచ్చిన బల్కాపూర్ కాలువ కూడా ఆ జాబితాలో చేరింది. ఎండాకాలం ఆకుపచ్చ తెట్టు, దుర్వాసన, గుర్రపుడెక్క కనిపిస్తాయి. 2006లో జపాన్ రుణంతో శుద్ధి పథకం చేపట్టారు. మురుగును చెరువులోకి రానీయకుండా అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించే పైపులు వేశారు. వానాకాలం వరద వస్తే మాత్రం మురుగు కట్టలు దాటి చెరువులోకే చేరుతుంది. పడవల పోటీలకు గాలి బాగుండేది ఆ రోజుల్లోనే.

వినాయక నిమజ్జనం మరో చిక్కు. 2021 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలను చెరువులో కలపవద్దంది. సుప్రీంకోర్టు ఆ ఒక్క ఏడాదికి అనుమతించింది. మరుసటి ఏడు ఖైరతాబాద్ గణపతిని 50 అడుగుల ఎత్తున మట్టితోనే చేశారు. సద్దుల బతుకమ్మ పండుగనాడు మాత్రం నీళ్లలో వదిలేది తంగేడు, గునుగు పూలనే.

బోటులో బుద్ధుణ్ణి చూసి వచ్చేవాళ్లు నీటిని తాకరు. తాకేది తెరచాప నేర్చుకునే పిల్లలే. వాళ్ల తొలి పాఠాల్లో ఒకటి పడవను కావాలనే బోర్లా పడేసి, నీళ్లలో ఉంటూనే దాన్ని తిరిగి నిలబెట్టి, పైకెక్కి, చుక్కాని పట్టుకోవడం.