కాటాకు వేయకండి

మద్రాసు వైపు వెళ్లే రైలు పూండి దాటాక కాసేపటికి నౌపడా వస్తుంది. అక్కడి నుంచి పర్లాకిమిడికి చిన్నబండి 1900లో మొదలైంది. అప్పటికి పర్లాకిమిడి రాజావారి బడిలో గిడుగు రామమూర్తి పంతులు. విజయనగరం సంస్థానంలో గురజాడ అప్పారావు ఉద్యోగి. ఇద్దరూ చిన్ననాడు ఒకే బడిలో చదివినవాళ్లు. 1879లో పావు అణా కార్డు వచ్చాక ఈ తీరంలో చదువుకున్నవాళ్ల పరిచయాలు, పేచీలు చాలావరకు టపా మీదే నడిచాయి.

ఆ టపాలో బాగా మిగిలింది గురజాడదే. ‘సారంగధర’ అనే ఇంగ్లిషు కావ్యం రాసిన కుర్రవాడిని కలకత్తాలోని ‘రీస్ అండ్ రయ్యత్’ సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ గుర్తించి, తెలుగులో రాయమని ప్రోత్సహించాడు. వాళ్లిద్దరి స్నేహం ఉత్తరాల మీద పెరిగిందే. తర్వాత ఒంగోలు మునిసుబ్రహ్మణ్యానికి గురజాడ రాసిన లేఖల్లో ‘కన్యాశుల్కం’ గురించి, వాడుక భాష గురించి ఆయన మనసు తెలుస్తుంది. తెలుగు కోసం అంత పోరాడిన మనిషి ఉత్తరాలు ఎక్కువగా ఇంగ్లిషులోనే రాశాడు! అవసరాల సూర్యారావు వాటిని తెలుగు చేస్తే విశాలాంధ్ర అచ్చేసింది. నూటయాభయ్యో జయంతికి, 2012లో, ‘గురుజాడలు’ సంపుటంలో ఆయన రచనలన్నిటితో పాటు లేఖలూ చేరాయి. అందుకున్నవాళ్లు దాచారు కాబట్టి ఇదంతా సాధ్యమైంది.

నటుల ఉత్తరాలకు ఆ అదృష్టం పట్టలేదు.

నటి ఎలెన్ టెర్రీ, నాటకకర్త బెర్నార్డ్ షా ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసుకున్నాకే, 1900లో మొదటిసారి ఎదురుపడ్డారు. ఆ ఉత్తరాలు 1931లో పుస్తకమయ్యాయి. అదే షాను ఇంగ్లండు వెళ్లి కలిసొచ్చిన మన బళ్లారి రాఘవ పేరు చెబితే అలాంటి సంపుటం ఒక్కటీ తెలుగు పాఠకుడి చేతికి రాదు. స్థానం నరసింహారావు ‘నటస్థానం’ రాసిపెట్టారు గనక ఆయన గొంతు కొంత మిగిలింది. నాటకాలవాళ్ల బతుకు రైళ్లలో, బసల్లో గడిచింది. రచయితకు బల్ల, బీరువా ఉంటాయి. నటుడికి ఉండేది మేకప్ పెట్టె. అందులో అద్దం, రంగులు భద్రంగా ఉంటాయి, కార్డుముక్కలు ఉండవు.

రాసేవాళ్లు, ఆడేవాళ్లు మనకు వేరువేరు మనుషులూ కారు. గిడుగు కొడుకు సీతాపతి పండితుడు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’లో రాఘవతో పాటు ఆయనా నటించారు. శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టిన జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి సోదరులు ‘కన్యాశుల్కాన్ని’ దశాబ్దాల పాటు ఆడారు. సోమయాజులు రామప్పపంతులు, రమణమూర్తి గిరీశం. ఇలాంటివాళ్ల ఇళ్లకు ఎన్ని కార్డులు వచ్చి ఉంటాయో!

కథలకు ఈ జిల్లాలో ఒక ఇల్లుంది. కాళీపట్నం రామారావు అవార్డు సొమ్ముతో 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. పాత పత్రికల్లో చెదిరిపోయిన కథలను ఒక్కచోటికి చేర్చారు. నాటకాలవాళ్ల కాగితాల కోసం అంత పట్టుగా తిరిగిన మనిషి ఇక్కడ లేకపోవడం పెద్ద లోటు.

కాగితానికి శత్రువులు మాత్రం కావలసినంతమంది. జిల్లా తీరం వెంట ఉన్న ఉద్దానంలో ఉప్పుగాలి, చెమ్మ, చెదలు ఎప్పుడూ ఉన్నవే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వజ్రపుకొత్తూరు దగ్గరే తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. పైకప్పులే లేచిపోయిన రాత్రి అటక మీది ట్రంకుపెట్టెను ఎవరు పట్టించుకుంటారు?

పాత ఉత్తరం దొరికితే లామినేషన్ చేయించవద్దు, చిరిగినచోట సెలోటేపు అంటించవద్దు; జిగురు పసుపెక్కి అక్షరాన్ని తినేస్తుంది. కవరు పారేయకండి, తేదీ తెలియాలంటే పోస్టు ముద్రే ఆధారం. ఇంకో సంగతి: కాగితం అందుకున్నవారిది, అందులోని రాతపై హక్కు రాసినవారిది. అచ్చువేసే ముందు వారి కుటుంబాన్ని అడగాలి. తాతగారు నాటకాలాడేవారని చెప్పుకునే ఇల్లు పూండి, పలాస, టెక్కలి పక్కల మీకు తెలిసి ఉంటే, పాత కాగితాలు కాటాకు వేసేలోపు ఒకసారి వెళ్లి అడగండి. ఫోనుతో రెండువైపులా ఫొటోలు తీసినా చాలు.