హౌ ఐ లివ్ నౌ

హౌ ఐ లివ్ నౌ అమెరికాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన రచయిత్రి మెగ్ రోసాఫ్ 2004లో ప్రచురించిన యువజన ప్రేమ నవల. ఆమెకిది తొలి నవల. న్యూయార్క్‌కు చెందిన 15 ఏళ్ల డైసీ ఇంగ్లండ్ పల్లెలోని తల్లి సోదరి ఇంటికి వస్తుంది. ఆ సోదరి కొడుకు ఎడ్మండ్‌తో ప్రేమలో పడుతుంది (తెలుగువారి వరుసల్లో అతడు సోదరుడే). అంతలో యుద్ధం మొదలై దేశం శత్రువుల వశమవుతుంది. శత్రువు ఎవరో నవల చెప్పదు. తిండి కరువు, తెగిపోయిన ఫోన్లు, దారిలో శవాలు మాత్రం కళ్లముందు నిలుస్తాయి. ఎడ్మండ్‌కు దూరమైన డైసీ, అతని చిన్నారి చెల్లెలు పైపర్‌ను వెంటబెట్టుకుని కాలినడకన ఇంటిదారి పడుతుంది. కావాలని కడుపు మాడ్చుకునే రుగ్మత ఉన్న డైసీ, తిండి దొరకని లోకంలో ఆకలి విలువ గుర్తిస్తుంది. నవలకు ఆయువుపట్టు ఇదే. అమెరికా వెళ్లిపోయిన డైసీ ఆరేళ్ల తర్వాత తిరిగొచ్చేసరికి ఎడ్మండ్ ఒంటిపై గాయాల మచ్చలతో, మాటలుడిగి, తోటపనిలో మునిగి ఉంటాడు. కథనమంతా డైసీ గొంతులో, ఊపిరి తిప్పుకోని పొడవాటి వాక్యాల్లో సాగుతుంది. దీనికి 2004లో గార్డియన్ బాలసాహిత్య బహుమతి, 2005లో మైకేల్ ఎల్. ప్రింట్జ్ పురస్కారం లభించాయి. 2013లో కెవిన్ మెక్‌డొనాల్డ్ దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. డైసీగా సర్షా రోనన్ నటించింది.